కడప హరివాణంలో పర్వత జనన చరిత్ర

కడప హరివాణం ఆంధ్ర ప్రదేశ్ లోను, కొంత భాగం తెలంగాణ లోను విస్తరించిన అతి ప్రాచీన అవక్షేప శిలా ప్రాంతం. ఇది నెలవంక ఆకారంలో ఉంటుంది. దక్షిణాన తిరుపతి కొండల నుండి ఉత్తరాన కృష్ణానదికి ఆవల జగ్గయ్యపేట పరిసరాల వరకు సుమారు 440 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నది. దీని విస్తీర్ణం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. పూర్వపు గుంటూరు జిల్లాలోని పల్నాడు, పూర్వపు ప్రకాశం జిల్లాలోని మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు ఈ హరివాణంలోనివే.

ఈ హరివాణానికి తూర్పున గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానం ఉన్నది. నేడు చదునుగా కనిపించే ఈ మైదానపు అడుగు శిలలు సుమారు 160 కోట్ల సంవత్సరాల క్రితం ఒక పర్వత శ్రేణికి వేళ్ళుగా ఉండేవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆ పర్వతాలు పూర్తిగా అరిగిపోయాయి. వాటి నుండి కొట్టుకొని వచ్చిన ఇసుక, ఒండ్రు పశ్చిమాన సముద్రపు అడుగున పేరుకొని, గట్టిపడి, ముడుతలు పడి నేటి నల్లమల కొండలయ్యాయి. అనగా ఆనాటి పర్వతం నేటి మైదానం, ఆనాటి సముద్రపు అడుగు నేటి కొండ. ఖండాలు ఢీకొని సముద్రం పూర్తిగా మూసుకొని పోవడానికి ఎంతో ముందే తూర్పున పర్వతాలు లేచాయన్న సంగతి ఈ హరివాణంలోని ఇసుక రేణువుల వలన తెలియవచ్చింది.

పేరు, తొలి పరిశోధనలు

హరివాణం అంటే వెడల్పైన పళ్ళెం. భూమి పైపొర పళ్ళెం వలె కుంగి, అందులో నీరు నిలిచి, కోట్ల సంవత్సరాల పాటు ఇసుక, మట్టి, సున్నం పొరలు పొరలుగా పేరుకొన్న ప్రదేశాన్ని అవక్షేప హరివాణం అంటారు. వాడుకలో దీనినే కడప బేసిన్ అని కూడా వ్యవహరిస్తారు.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను పరిశీలించి, 1872లో వెలువరించిన గ్రంథంలో వాటిని కడప, కర్నూలు అను రెండు పెద్ద సముదాయాలుగా విభజించాడు. ఆ విభజన పునాది ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు నెల్లూరు జిల్లా కావలి నుండి కర్ణాటకలోని ఉడిపి వరకు కృత్రిమ ప్రకంపనల సాయంతో భూగర్భాన్ని పరిశీలించారు. పడమటి అంచున పలుచగా ఉన్న పొరలు తూర్పుకు పోయే కొలదీ మందమై, సుమారు 10 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నాయని దాని వలన తెలిసింది.

హరివాణం పర్వతాన్ని ఎట్లా నమోదు చేస్తుంది?

పర్వతం శాశ్వతం కాదు. ఎండ, వాన, గాలి, నదులు దానిని నిరంతరం అరగదీస్తాయి. కొన్ని కోట్ల సంవత్సరాలలో ఎంత ఎత్తైన శ్రేణి అయినా నేలమట్టమవుతుంది. కాని అరిగిన రాయి ఎక్కడికీ పోదు. అది ఇసుకగా, బురదగా మారి దగ్గరలోని పల్లంలో చేరుతుంది. కావున పర్వత చరిత్రను పర్వతం కన్నా దాని పక్కనున్న పల్లమే ఎక్కువ కాలం భద్రపరుస్తుంది.

పర్వతం లేచినప్పుడు దాని బరువుకు పక్కనున్న భూపటలం కిందికి వంగుతుంది. నులక మంచం మీద ఒకచోట బరువు పెడితే చుట్టూ ఉన్న నులక కూడా కుంగినట్లే ఇది జరుగుతుంది. ఇట్లా పర్వతం ముందు ఏర్పడిన పల్లాన్ని పర్వత పాద హరివాణం అంటారు. హిమాలయాల ముందున్న గంగా మైదానం ఇందుకు చక్కని ఉదాహరణ. హిమాలయాల నుండి వచ్చిన ఒండ్రు ఈ పల్లంలో కొన్ని కిలోమీటర్ల మందాన నిండి ఉన్నది.

ఇటువంటి హరివాణాలను చదవడానికి ముఖ్యంగా నాలుగు ఆధారాలు ఉపయోగపడతాయి.

1. రేణువుల రకం: ముతక ఇసుక, గులకరాళ్ళు ఉంటే అవి పుట్టిన చోటు దగ్గరలో ఉన్నదని, సన్నని బురద అయితే దూరం నుండి నిదానంగా వచ్చిందని గ్రహించవచ్చును.
2. ప్రవాహపు దిశ: ఇసుకరాయిలో ఏటవాలు పొరలు, అలల గుర్తులు నీరు ఏ దిక్కుకు పారినదో తెలుపుతాయి.
3. పొరల మందం: మందం ఏ దిక్కున పెరిగితే నేల ఆ దిక్కున ఎక్కువగా కుంగినదని అర్థం.
4. రేణువుల వయసు: ఇసుకలోని జిర్కాన్ గింజలు ఏ శిల నుండి విడివడి వచ్చాయో వాటి వయసును బట్టి చెప్పవచ్చును.

ఢీకొనడానికి ముందే పర్వతాలా?

రెండు ఖండాలు ఢీకొంటేనే పర్వతాలు పుడతాయని సాధారణంగా అనుకొంటాము. హిమాలయాలు అట్లా పుట్టినవే. కాని సముద్రపు అడుగునున్న భూఫలకం ఒక ఖండపు అంచు కిందికి దూరుతున్నంత కాలం కూడా ఆ అంచున అగ్నిపర్వతాలు, ముడుత పర్వతాలు లేస్తాయి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల వద్ద నేటికీ ఖండాలు ఢీకొనలేదు. పసిఫిక్ సముద్రపు అడుగు ఖండం కిందికి దూరడం వలననే అవి పెరిగాయి.

హిమాలయాల విషయంలో కూడా ఇటువంటి పూర్వ చరిత్ర ఉన్నది. భారత ఖండం చేరక ముందే టిబెట్ దక్షిణపు అంచున అగ్నిపర్వత శ్రేణి ఒకటి ఉండేది. దాని నుండి వచ్చిన ఇసుక మొదట ఆసియా వైపు పల్లాలలోనే చేరింది. సుమారు 6 కోట్ల సంవత్సరాల క్రితం ఆ ఇసుక మొదటిసారిగా భారత ఖండపు అంచున ఉన్న పొరలలో కనిపిస్తుంది. రెండు ఖండాల మధ్య సముద్రం మూసుకొన్నదనడానికి అదే గుర్తు. కడప హరివాణానికి కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. అయితే ఇక్కడి కథ అంతకన్నా ఎంతో పురాతనమైనది.

హరివాణంలోని శిలల వరుస

కడప హరివాణానికి పడమట, అడుగున ఉన్నది ధార్వాడ్ ప్రాచీన భూఖండం. ఇందులోని గ్రానైట్ల వయసు చాలా చోట్ల సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దాని మీద పేరుకొన్న శిలలను నాలుగు ముఖ్య సముదాయాలుగా చెప్పుకోవచ్చును.

పాపాఘ్ని సముదాయం: అన్నిటికన్నా అడుగుది. ఇందులో గుల్చేరు క్వార్ట్‌జైటు, వేంపల్లె సున్నపురాళ్ళు ఉన్నాయి. వేంపల్లె పొరలలో ప్రాచీన సూక్ష్మజీవులు కట్టిన గుండ్రని పొరల గుర్తులు కనిపిస్తాయి. కనుక అప్పుడు ఇక్కడ లోతులేని వెచ్చని సముద్రం ఉండేదని తెలుస్తుంది.

చిత్రావతి సముదాయం: పులివెందుల, తాడిపత్రి పేర్లతో పిలువబడే పొరలు ఇందులోనివి. పులివెందుల వద్ద ఈ పొరల మధ్యకు చొచ్చుకొని వచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188.5 కోట్ల సంవత్సరాలుగా నిర్ణయించబడినది. కావున దాని చుట్టూ ఉన్న పొరలు అంతకన్నా పాతవి.

నల్లమల సముదాయం: హరివాణపు తూర్పు భాగమంతా ఇదే. ఇందులో అడుగున బైరేనికొండ క్వార్ట్‌జైటు, పైన కంభం షేల్, పలకరాళ్ళు ఉన్నాయి. పడమటి పొరలు కేవలం కొద్దిగా తూర్పుకు వాలి ఉండగా, ఈ సముదాయం మాత్రం తీవ్రంగా ముడుతలు పడి ఉన్నది.

కర్నూలు సముదాయం: అన్నిటికన్నా తరువాతిది. బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైటు మొదలగునవి ఇందులోనివి. పల్నాడులో మాచర్ల, పిడుగురాళ్ళ, దాచేపల్లి వద్ద కనిపించే సున్నపురాయి ఈ సముదాయానిదే.

జిర్కాన్ గింజల సాక్ష్యం

జిర్కాన్ అను ఖనిజం గ్రానైటు వంటి శిలలలో చిన్న చిన్న స్ఫటికాలుగా ఏర్పడుతుంది. ఏర్పడే సమయంలో తనలోకి కొంత యురేనియాన్ని చేర్చుకొంటుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా చేర్చుకోదు. యురేనియం 238 క్రమంగా క్షీణించి సీసంగా మారుతుంది. దాని అర్ధజీవిత కాలం సుమారు 447 కోట్ల సంవత్సరాలు. కనుక గింజలో ఎంత యురేనియం మిగిలినది, ఎంత సీసం చేరినది అని కొలిస్తే ఆ గింజ పుట్టిన కాలం తెలుస్తుంది. జిర్కాన్ చాలా గట్టిది. కొండ అరిగి ఇసుకైనా, ఇసుక నదిలో దొర్లినా, మళ్ళీ రాయిగా మారినా అది తన పుట్టిన కాలాన్ని చాలా వరకు నిలుపుకొంటుంది.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ కాలిన్స్, ఆయన సహచరులు కడప హరివాణంలోని ముఖ్యమైన పొరలన్నిటి నుండి 21 నమూనాలలోని జిర్కాన్ గింజలను పరీక్షించి, 2015లో ఫలితాలను ప్రకటించారు. వాటి సారాంశం ఈ విధంగా ఉన్నది.

పాపాఘ్ని సముదాయంలోను, చిత్రావతి సముదాయపు అడుగు పొరలలోను ఉన్న ఇసుక పడమటి ధార్వాడ్ ఖండం నుండి వచ్చింది. అప్పుడు నేల చీలి కుంగి, తరువాత ప్రశాంతమైన ఖండపు అంచుగా మారిందని, తూర్పున సముద్రమే ఉండేదని వారు భావించారు.

నల్లమల సముదాయంలో పరిస్థితి మారింది. ఇందులో ధార్వాడ్ గ్రానైట్ల కన్నా ఎంతో చిన్న వయసు గల గింజలు ఉన్నాయి. వాటిలో అతి చిన్నవి సుమారు 165.9 కోట్ల సంవత్సరాల నాటివి. ఈ లెక్కలో అటూ ఇటూగా 2.2 కోట్ల సంవత్సరాల తేడా ఉండవచ్చును. ఏ పొర అయినా తనలోని అతి చిన్న గింజ కన్నా ముందు ఏర్పడి ఉండదు కనుక, నల్లమల పొరలు ఆ తరువాత పేరుకొన్నవే. ఇవి సుమారు 159 కోట్ల సంవత్సరాల నాటికి పూర్తి అయ్యాయని వారి నిర్ణయం. పడమట ఇటువంటి గింజలను ఇవ్వగల శిలలు లేవు. తూర్పున ఒంగోలు ప్రాంతపు శిలలలోని గింజల వయసులు మాత్రం వీటితో సరిపోయాయి. కావున ఇసుక వచ్చే దిక్కు పడమర నుండి తూర్పుకు మారినది. సముద్రం ఉన్న దిక్కున పర్వతం లేచినది. నల్లమల సముదాయం ఆ పర్వతం ముందు కుంగిన పల్లంలో పేరుకొన్నది.

కర్నూలు సముదాయంలో తిరిగి ధార్వాడ్ వైపు నుండి వచ్చిన ఇసుకే కనిపిస్తుంది. అనగా ఆ నాటికి తూర్పు పర్వతాల నుండి ఇక్కడికి ఇసుక రావడం నిలిచిపోయినది. మరొక ఆశ్చర్యకరమైన విషయం గండికోట శిలలకు సంబంధించినది. చిత్రావతి సముదాయంలోనివిగా భావించబడిన ఈ శిలలలో సుమారు 118 కోట్ల సంవత్సరాల నాటి గింజలు దొరికాయి. కనుక అవి పులివెందుల పొరల కన్నా కనీసం 70 కోట్ల సంవత్సరాలు చిన్నవి.

తూర్పు పర్వతాల ఆనవాళ్ళు

మాయమైన ఆ పర్వత శ్రేణికి కృష్ణానది పేరు మీదుగా కృష్ణా పర్వత పట్టీ అని పేరు పెట్టారు. దాని అవశేషాలు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలలో ఉన్నాయి.

ఒంగోలు పరిసరాల్లోని చార్నకైటు మొదలగు రూపాంతర శిలలు సుమారు 160 కోట్ల సంవత్సరాల క్రితం 900 డిగ్రీల సెల్సియస్ కు మించిన వేడికి లోనయ్యాయి. ఇవి భూమిలో 20 కిలోమీటర్లకు మించిన లోతున రూపొందినవి. అంత లోతున ఉన్న శిలలు నేడు నేల మీద కనిపిస్తున్నాయంటే వాటి పైనున్న మందమంతా అరిగిపోయినదని అర్థం. వినుకొండ వద్ద ఉన్న గ్రానైటు కూడా సుమారు 159 కోట్ల సంవత్సరాల నాటిది. ఇది తరువాతి ఒత్తిళ్ళకు నలిగి రూపాంతరం చెందినది.

సముద్రపు ఆనవాళ్ళు కూడా లేకపోలేదు. నెల్లూరు ప్రాంతంలోని గూడూరు సమీపాన కండ్ర వద్ద సుమారు 185 కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భ శిలల ముక్క ఉన్నది. పూర్వపు ప్రకాశం జిల్లా కనిగిరి వద్ద అటువంటిదే మరొకటి ఉన్నది, దాని వయసు సుమారు 133 కోట్ల సంవత్సరాలు. సముద్రం మూసుకొనేటప్పుడు దాని అడుగు చాలా వరకు భూగర్భంలోకి పోతుంది. ఎక్కడో కొన్ని ముక్కలు మాత్రం ఒడ్డుకు ఎక్కి మిగులుతాయి.

కనిగిరి ముక్క వయసు చాలా ముఖ్యమైనది. 160 కోట్ల సంవత్సరాల క్రితమే తూర్పున పర్వతాలు ఉన్నప్పటికీ, 133 కోట్ల సంవత్సరాల క్రితం కూడా అక్కడ సముద్రపు అడుగు ఏర్పడుతూనే ఉన్నదని దాని వలన తెలుస్తుంది. తూర్పు కనుమల ప్రధాన భాగం, నేటి తూర్పు అంటార్కిటికాలోని కొంత భాగం కలిసి భారత ఖండంతో ముడిపడే పర్వతోద్భవం సుమారు 100 నుండి 90 కోట్ల సంవత్సరాల క్రితం జరిగినది. నల్లమల ఇసుక అంతకు 60 కోట్ల సంవత్సరాల ముందటి పర్వతాలకు సాక్ష్యం.

ముడుతలు, మార్కాపురం పలక

పర్వతం ఇసుకను పంపి ఊరకుండలేదు. తూర్పు నుండి వచ్చిన ఒత్తిడికి, అది పంపిన ఇసుక, బురద పొరలే చివరకు ముడుతలు పడ్డాయి. దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం మార్కాపురం పలక. తెలుగునాట ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దిన పలక ఈ కంభం పొరలలోని రాయే.

సముద్రపు అడుగున చేరిన సన్నని బురద మొదట షేల్ అవుతుంది. దానిని పక్క నుండి బలంగా నొక్కితే అందులోని అభ్రకం వంటి రేకుల ఖనిజాలు ఒత్తిడికి అడ్డంగా ఒకే వరుసలో సర్దుకొంటాయి. ఆ వరుస వెంట రాయి పలుచని రేకులుగా చీలుతుంది. కనుక పలక చీలే తలం సాధారణంగా బురద పేరుకొన్న పొర కాదు, ఒత్తిడి వలన తరువాత ఏర్పడినది. కొన్ని పలకల మీద ఏటవాలుగా రంగు చారలు కనిపిస్తే అవి తొలి పొరల గుర్తులు. ఒకే పలకలో ఈ విధంగా రెండు కాలాల చరిత్ర ఉంటుంది.

ముడుతలు ఎప్పుడు పడ్డాయన్నది ఒక్క మాటలో చెప్పలేము. నల్లమలలోని చెలిమ వద్ద కంభం పొరలను చీల్చుకొని వచ్చిన అగ్నిశిల వయసు సుమారు 142 కోట్ల సంవత్సరాలు. కనుక పొరలు అంతకు ముందే ఉన్నవి. పల్నాడు తూర్పు అంచున మాత్రం పాతవైన నల్లమల శిలలు, చిన్నవైన కర్నూలు సముదాయపు శిలల మీదికి త్రోయబడి ఉన్నాయి. పాతది పైన, కొత్తది కింద ఉండడం తలక్రిందుల వ్యవహారం. కర్నూలు సముదాయం ఏర్పడిన తరువాత కూడా తూర్పు నుండి ఒత్తిడి వచ్చినదని ఇది నిరూపిస్తుంది. ఇటువంటి కదలికలు సుమారు 50 కోట్ల సంవత్సరాల క్రితం వరకు సాగాయని కొందరి అభిప్రాయం.

అభిప్రాయ భేదాలు

నల్లమల సముదాయం పర్వత పాద హరివాణంలో పేరుకొన్నదన్న అభిప్రాయాన్ని అందరూ అంగీకరించలేదు. నేల చీలి కుంగడం వలననే ఈ పల్లం ఏర్పడినదని, ముడుతలు పడడం వేరే కాలపు సంఘటన అని మరి కొందరి వాదన. కృష్ణా పర్వత పట్టీ ఆండీస్ వలె సముద్రపు అడుగు దూరడం వలన లేచినదా, లేక అదియే ఒక చిన్న ఖండం వచ్చి తగలడం వలన లేచినదా అన్నది కూడా చర్చలో ఉన్నది. గింజల వయసు అవి పుట్టిన చోటును సూచిస్తుంది కాని, పర్వతం ఎత్తును గాని, అది లేచిన విధానాన్ని గాని నేరుగా చెప్పదు.

ప్రజా జీవనంతో సంబంధం

ఈ ప్రాచీన చరిత్ర నేటి ప్రజల జీవనాన్ని అనేక విధాల ప్రభావితం చేస్తున్నది. పల్నాడు సున్నపురాయి మీద ఆధారపడి సిమెంటు కర్మాగారాలు, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు వెలిశాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కినది కూడా పల్నాటి సున్నపురాతి మీదనే. రాతపలకల వాడకం తగ్గిన తరువాత మార్కాపురం రాయి ఇళ్ళ నేలలకు, గోడలకు, పైకప్పులకు వెళ్తున్నది.

కనిగిరి గ్రానైటులో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉన్నాయి. ఇటువంటి శిలలలో చాలా కాలం నిలిచిన భూగర్భ జలంలో ఫ్లోరైడు చేరుతుంది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్ వ్యాధి దీర్ఘకాలంగా ప్రజలను బాధిస్తున్నది. ఏ ఊరి కింద ఏ రాయి ఉన్నదో తెలిసినట్లయితే బావి నీటిని ఎక్కడ ముందుగా పరీక్షించాలో తెలుస్తుంది.

శ్రీశైలం జలాశయం నుండి కరవు ప్రాంతాలకు కృష్ణా జలాలను తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలు, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున, నల్లమల కొండల కిందుగానే వెళ్తాయి. గట్టి క్వార్ట్‌జైటు, మెత్తని షేల్ మార్చి మార్చి వచ్చే ఈ ముడుతల గుండా తవ్వడం సులభం కాదు. మార్కాపురం రైతు ఎదురుచూసే నీటికి అడ్డుగా నిలిచిన ఆ కొండ, ఒకప్పుడు తూర్పు పర్వతాల నుండి నీరు మోసుకొని వచ్చిన ఇసుకే.

చూడదగిన స్థలాలు

తిరుమల ఘాట్ రోడ్డు: ధార్వాడ్ గ్రానైటు మీద నగరి క్వార్ట్‌జైటు నేరుగా కూర్చున్న హద్దు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెంటి మధ్య కోట్లాది సంవత్సరాల చరిత్ర లోపించినది. ఇది జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించబడినది.

నంద్యాల – గిద్దలూరు మార్గం: నల్లమలను అడ్డంగా దాటే ఈ దారిలో నిట్టనిలువుగా వాలిన, ముడుతలు పడిన పొరలను చూడవచ్చును.

మార్కాపురం పలకరాతి గనులు: రాయి చీలే తలాన్ని, తొలి పొరల చారలను విద్యార్థులు పోల్చి చూడవచ్చును. గని లోపలికి యజమానుల అనుమతితో మాత్రమే వెళ్ళవలెను.

మాచర్ల పరిసరాలు: దాదాపు చదునుగా పరచుకొన్న పల్నాడు సున్నపురాతి పొరలు ఇక్కడ కనిపిస్తాయి. నల్లమల ముడుతలను చూసిన తరువాత వీటిని చూస్తే, ఒత్తిడికి గురియైన రాతికి, గురి కాని రాతికి గల భేదం తెలుస్తుంది.